మోటారు బాడీకి అతికించిన పియెజో డిస్కు ఎందుకు పనిచేయదు? కంపనాల నుంచి ఎక్కువ పవర్ ఎలా తీయాలి?

ప్రశ్న సారాంశం ఇది. రైస్ మిల్లులో 10 హెచ్‌పీ, నాలుగు పోల్ మోటారు బాడీకి ఆరు 35 మి.మీ. పియెజో బజర్ డిస్కులు (వంగినప్పుడు చార్జి పుట్టించే పలుచటి బిళ్లలు) అతికించి సిరీస్‌లో కలిపారు. మల్టీమీటరులో 12 వోల్టుల ఏసీ కనిపిస్తోంది. బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే డయోడ్ల జట్టు), కెపాసిటర్ పెట్టి ఈఎస్‌పీ32 అనే వైఫై బోర్డు తగిలిస్తే మాత్రం వోల్టేజీ పైకి లేవడం లేదు. మోటారు, జల్లెడ బేరింగుల ఉష్ణోగ్రత వైర్‌లెస్‌గా పంపాలి. ఏ సర్క్యూట్ వాడితే పవర్ పెరుగుతుందన్నది అడిగారు.

ఏ సర్క్యూట్ మార్చినా ఈ అమరికలో లాభం లేదు. ఎంత పవర్ వస్తుందనేది ఎక్కడ బిగించారు, ఎంత బరువు ఊగుతోంది అన్న దగ్గరే తేలిపోతుంది. అక్కడ వచ్చినదాన్ని పోకుండా పట్టుకోవడమే సర్క్యూట్ పని.

ముందు ఆ 12 వోల్టుల సంగతి చూడండి. అది కంపనం నుంచి వచ్చిందని నేననుకోను. డిస్కు ఒక్కోటి పాతిక, ముప్పై నానోఫారడ్ల కెపాసిటర్ లాంటిది. ఆరింటిని సిరీస్‌లో పెడితే 5 నానోఫారడ్లు మిగులుతుంది, అంటే 50 హెర్ట్జ్ దగ్గర ఆరు లక్షల ఓమ్‌లు దాటిన ఇంపీడెన్స్. పక్కనే మోటారు కేబుల్ ఉంటే దాని హమ్, అంటే ఆ కేబుల్‌లోని 50 హెర్ట్జ్ కరెంటు ప్రభావం, ఆ వైర్లలోకి ఇట్టే ఎక్కుతుంది, 10 మెగాఓమ్‌ల మీటరు దాన్ని నిజం వోల్టేజీలాగే చూపిస్తుంది. తేల్చుకోవడం తేలికే. మోటారు స్విచ్ ఆపేసి, షాఫ్టు ఇంకా తిరుగుతున్న ఆ కొద్ది సెకన్లు మీటరు చూడండి. వేగంతోపాటు మెల్లగా తగ్గితే అది కంపనం. స్విచ్ ఆపిన క్షణమే పడిపోతే దాదాపుగా హమ్మే. ఇంకా అనుమానం ఉంటే ఒక డిస్కు ఊడదీసి చెక్కముక్క మీద పెట్టి, అదే చోట మోటారుకు తగలకుండా పట్టుకోండి. రీడింగు అలాగే ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

అసలు లోపం అతికించిన తీరులోనే ఉంది. పియెజో వంగితేనే చార్జి ఇస్తుంది. పోత ఇనుప బాడీకి బల్లపరుపుగా అతికిన డిస్కు బాడీతోపాటే కదులుతుంది తప్ప వంగదు. దాన్ని వంచడానికి చివర ఒక బరువు ఉండాలి. బాడీ కదిలినప్పుడు ఆ బరువు వెనకబడాలి, ఆ తేడాలోనే శక్తి ఉంది. పైగా ఈ డిస్కుల సొంత ఫ్రీక్వెన్సీ కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది, మీ మోటారు ఊగేది 24 హెర్ట్జ్ దగ్గర. ఇంజనీరింగ్ కాలేజీల్లో అడుగుల నుంచి కరెంటు అంటూ చేసే పలకల ప్రాజెక్టుల్లోనూ మీరు చేసిన ఇంకో తప్పు కనిపిస్తుంది. డిస్కులన్నీ ముందే కలిపేసి చివర ఒకే బ్రిడ్జి పెడతారు. ఒకటి ప్లస్‌లో ఉన్నప్పుడు పక్కది మైనస్‌లో ఉంటుంది, చార్జి అక్కడికక్కడే కొట్టేసుకుంటుంది. డిస్కులు వాడక తప్పదంటే ప్రతిదానికీ విడి బ్రిడ్జి పెట్టి, డీసీ వైపు కలపాలి.

ఇక లెక్క. స్ప్రింగు మీద ఊగే బరువు మెషీను ఫ్రీక్వెన్సీకి సరిగ్గా ట్యూన్ అయి, లోడు కూడా సరిపోతే, బయటికి తీయగల గరిష్ఠ పవర్ ఇది:

ద్రవ్యరాశి × త్వరణం వర్గం × క్యూ ÷ (50.3 × ఫ్రీక్వెన్సీ)

ద్రవ్యరాశి కిలోల్లో, త్వరణం పీకు విలువ మీ/సె²లో, జవాబు వాట్లలో. క్యూ అంటే లోడు లేకుండా ఆ స్ప్రింగు ఎంతసేపు ఊగుతుందో చెప్పే అంకె. స్ప్రింగును వేలితో మీటి వదిలితే ఊపు సగానికి పడేలోగా ఎన్ని ఊపులు వచ్చాయో స్కోపులో లెక్కపెట్టి 4.5తో గుణించండి. 11 ఊపులకు సగమైతే క్యూ 50.

మీ మోటారు మంచి స్థితిలో ఉండి బేరింగు దగ్గర వైబ్రేషన్ 1.4 మి.మీ./సె. ఆర్‌ఎంఎస్ ఉందనుకుందాం. 1440 ఆర్‌పీఎం అంటే 24 హెర్ట్జ్, త్వరణం పీకు 0.3 మీ/సె². 50 గ్రాముల బరువు, క్యూ 50 వేస్తే వచ్చేది 185 మైక్రోవాట్లు. అదీ ఆదర్శ పరిస్థితిలో. ఈఎస్‌పీ32 వైఫై ఆన్ చేస్తే 3.3 వోల్టుల దగ్గర 200 మిల్లీయాంప్‌ల దాకా లాగుతుంది, అంటే 660 మిల్లీవాట్లు. మీ కెపాసిటర్ ఎందుకు లేవడం లేదో ఇక్కడే తెలిసిపోతుంది.

సూత్రంలో వర్గం ఉన్నది త్వరణానికి మాత్రమే. కాబట్టి ఎక్కువ ఊగే చోటు వెతకడమే అన్నిటికంటే పెద్ద లాభం. అదే మిల్లులో జల్లెడ ఉంది. అది 600 ఆర్‌పీఎంతో ఆడుతోంది, మొత్తం స్ట్రోకు తక్కువలో తక్కువ 2 మి.మీ. అనుకుందాం. 10 హెర్ట్జ్, 1 మి.మీ. ఆంప్లిట్యూడ్ అంటే త్వరణం దాదాపు 4 మీ/సె², మోటారు బాడీకి 13 రెట్లు. వర్గం చేసి చూడండి. ఈఎస్‌పీ32 వాడాలని పట్టుబడితే జల్లెడ దగ్గరికి వెళ్లండి. మోటారు మీదే ఉండాలంటే ఈఎస్‌పీ32 వదిలేసి బ్లూటూత్ లో ఎనర్జీ చిప్పుకు మారండి.

ఏదైనా ముందు కొలవండి. ఫోనులో ఫైఫాక్స్ యాప్ జల్లెడకు చాలు. కానీ చాలా ఫోన్లలో యాక్సిలరోమీటరు సెకనుకు 200 నుంచి 500 శాంపిళ్లే ఇస్తుంది, కాబట్టి మోటారులో ఉండే 100 హెర్ట్జ్ కంపనం (దీని సంగతి కింద వస్తుంది) దగ్గర దాన్ని నమ్మవద్దు. అక్కడికి ఏడీఎక్స్‌ఎల్345 అనే యాక్సిలరోమీటరు చిప్పును ఎస్‌పీఐ కనెక్షన్‌లో 3200 హెర్ట్జ్‌తో నడపండి. రికార్డింగు కనీసం 10 సెకన్లు ఉంటేనే ఎఫ్‌ఎఫ్‌టీలో, అంటే కంపనాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్కలో, 0.1 హెర్ట్జ్ తేడా కనిపిస్తుంది. ఖాళీగా ఒకసారి, ధాన్యం పోసి ఒకసారి కొలవాలి. మోటారు మీద ఐ బోల్టు రంధ్రం దగ్గర కొలిచి అక్కడే బిగించడం మంచిది. వెనకాల ఫ్యాను కవరు మీద రీడింగు ఎక్కువ వస్తుంది, దానికి ఆశపడవద్దు. అది పలుచటి రేకు, మీ హార్వెస్టర్ (కంపనం నుంచి కరెంటు తీసే ఈ పరికరం) బరువు పడగానే దాని కంపనమే మారిపోతుంది.

మోటారు దగ్గర మరో చిక్కు ఉంది. ఖాళీగా 1495 ఆర్‌పీఎం తిరిగేది లోడు మీద 1440కి దిగుతుంది, అంటే 24.9 నుంచి 24 హెర్ట్జ్‌కి. లోడు సరిపోయాక మొత్తం క్యూ 25 అవుతుంది, బ్యాండు వెడల్పు 1 హెర్ట్జ్. మధ్యలో ట్యూన్ చేస్తే రెండు కొసల్లోనూ సగం పవరే వస్తుంది. అందుకని కొందరు 100 హెర్ట్జ్‌ను ఎంచుకుంటారు. స్టేటర్ అయస్కాంత బలం సప్లయ్‌కి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో లాగుతుంది, లోడు మారినా ఆ ఫ్రీక్వెన్సీ మారదు. గ్రిడ్ నిబంధన 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ కాబట్టి ఇది 99.8, 100.1 మధ్య ఉంటుంది. కానీ వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చి వేగాన్ని మార్చే డ్రైవ్) మీద నడిచే మోటారుకు ఈ మాట వర్తించదు. ఇంకొకటి, 100 హెర్ట్జ్ కంపనం గట్టిగా ఉందంటే సాఫ్ట్ ఫుట్ (మోటారు కాలు ఒకటి పునాదికి సరిగ్గా ఆనకపోవడం) గానీ, రోటరు, స్టేటర్ మధ్య ఎయిర్ గ్యాప్ తేడా గానీ ఫేజుల అసమతుల్యత గానీ ఉండే అవకాశం ఎక్కువ. మెకానిక్ వచ్చి దాన్ని సరిచేసిన రోజు మీ సెన్సరు ఆగిపోతుంది!

మోటారుకు పియెజో పట్టీ కడితే ఇలా కట్టండి. డిస్కు కాదు, రెండు వైపులా పీజెడ్‌టీ (పియెజో సిరామిక్) పొర ఉన్న బైమార్ఫ్ పట్టీ తీసుకోండి. ఒక కొస బిగించి, ఇంకో కొసన బరువు పెట్టాలి. చివర బరువున్న పట్టీలో వంపు శక్తిలో ఎనిమిదింట ఏడు వంతులు బిగించిన వైపు సగంలోనే ఉంటుంది. కాబట్టి పీజెడ్‌టీ మొదటి సగం దాకా ఉంటే చాలు, మిగతా సగం మీద ఉన్నది కెపాసిటెన్స్ పెంచుతుంది తప్ప చార్జి పెద్దగా ఇవ్వదు. క్లాంపును పట్టీకి కనీసం పదిరెట్లు మందమున్న ఉక్కు ముక్కలతో, రెండు స్క్రూలతో బిగించండి. డబుల్ సైడ్ టేపు, వేడి జిగురు వద్దు, క్యూ అక్కడే సగం చస్తుంది. పట్టీ బయటికి వచ్చే అంచును ఆకురాయితో కొంచెం గుండ్రం చేయాలి. పదునుగా వదిలితే పీజెడ్‌టీ సరిగ్గా ఆ గీత మీదే పగులుతుంది. పగిలినా వోల్టేజీ వస్తూనే ఉంటుంది, కెపాసిటెన్స్ మాత్రం తగ్గిపోతుంది. కాబట్టి బిగించిన రోజున కెపాసిటెన్స్ కొలిచి రాసి పెట్టుకోండి. బరువుకు ఇత్తడి గానీ టంగ్‌స్టన్ గానీ మేలు. సీసం చవకే, కానీ మెత్తన కావడంతో స్క్రూ కింద నలిగి వదులవుతుంది, ట్యూనింగ్ జారిపోతుంది. బరువు 2 శాతం మారితే ఫ్రీక్వెన్సీ 1 శాతం మారుతుంది, పొడవు 1 శాతం మారితే 1.5 శాతం.

సర్క్యూట్ సంగతి ఇప్పుడు. పియెజో వైర్లు షార్టు చేసి ఒకసారి, ఓపెన్‌గా వదిలి ఒకసారి అనునాద ఫ్రీక్వెన్సీ, అంటే పట్టీ అన్నిటికంటే ఎక్కువ ఊగే ఫ్రీక్వెన్సీ, కొలవండి. రెండింటి వర్గాల తేడాను షార్టు ఫ్రీక్వెన్సీ వర్గంతో భాగిస్తే కప్లింగ్ గుణకం (ఊపు ఎంత బలంగా కరెంటుగా మారుతుందో చెప్పే అంకె) వర్గం వస్తుంది. షార్టులో 98, ఓపెన్‌లో 100 హెర్ట్జ్ వస్తే అది 0.041. దీన్ని క్యూ 50తో గుణిస్తే 2 దాటుతుంది. మామూలు రెసిస్టరు లోడుతోనే పైన చెప్పిన గరిష్ఠ పవర్ అందాలంటే ఈ గుణితం 2 ఉండాలి, బ్రిడ్జి పెట్టినప్పుడు సుమారు 3.1. ఈ అంకె దాటినవాళ్లకు ఖరీదైన సర్క్యూట్ అక్కర్లేదు. ఫ్రాన్స్‌లో లియోన్‌లోని ఇన్సా ఇంజనీరింగ్ కాలేజీ పరిశోధకులు 2005లో ప్రచురించిన ఎస్‌ఎస్‌హెచ్‌ఐ పద్ధతి, అంటే పీకు దగ్గర ఇండక్టరుతో వోల్టేజీని తిప్పేసే స్విచ్, కొన్ని రెట్ల లాభం ఇస్తుందన్న మాట నిజమే. అది ఈ గుణితం 1 కంటే బాగా తక్కువ ఉన్నప్పుడు. బలమైన కప్లింగ్ ఉన్న పట్టీకి అది పెట్టి లాభం రాలేదని వాపోయేవాళ్లు చాలామంది. పరిమితి బరువు దగ్గర ఉంది, స్విచ్ దగ్గర కాదు. మెషీను ఫ్రీక్వెన్సీ ఆ 98, 100ల నడుమ పడేలా ట్యూన్ చేయండి. ఓపెన్ వోల్టేజీ చూస్తూ ట్యూన్ చేసి 100 దగ్గర ఆపితే లోడు తగిలించగానే అనునాదం కిందికి జారుతుంది.

కప్లింగ్ తక్కువగా ఉన్నప్పుడు బ్రిడ్జి తర్వాత డీసీ వోల్టేజీ ఓపెన్ సర్క్యూట్ పీకులో సగం దగ్గర ఉంచితే ఎక్కువ పవర్ వస్తుంది. పియెజో కరెంటును స్థిరమైన డీసీగా మార్చే ఎల్‌టీసీ3588-1 ఐసీని 3.3 వోల్టుల అవుట్‌పుట్‌కి పెడితే ఇన్‌పుట్ సుమారు 5 వోల్టులకు చేరాక మొదలై 3.7 దగ్గర ఆగుతుంది. కాబట్టి ఓపెన్ పీకు 9 వోల్టుల చుట్టూ ఉండేలా బైమార్ఫ్ పొరలను సిరీస్‌లోనో ప్యారలల్‌లోనో కలపండి. ఈ ఐసీ సొంత ఖర్చు ఒక మైక్రోయాంపు లోపే, బ్రిడ్జి లోపలే ఉంది. విడిగా బ్రిడ్జి కడితే పియెజోకి షాట్కీ డయోడ్లు వాడవద్దు. 1ఎన్5819 లాంటివి వేడి మోటారు మీద రివర్స్‌లో కారిపోయే కరెంటు మీరు పండించేదానికంటే ఎక్కువ ఉండవచ్చు. మామూలు 1ఎన్4148 చాలు. స్టోరేజీకి ఎలక్ట్రోలిటిక్ వాడితే దాని లీకేజీ కొలవండి, 5 వోల్టుల దగ్గర 3 మైక్రోయాంపులు కారినా 15 మైక్రోవాట్లు పోయినట్టే.

పవర్‌ను ఓపెన్ వోల్టేజీతో అంచనా వేయకండి. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 4 నుంచి 6 వోల్టులకు ఎక్కితే అందులో చేరింది 1 మిల్లీజౌలు. 20 సెకన్లు పట్టిందంటే మీకు వస్తున్నది 50 మైక్రోవాట్లు. మీటరును తగిలించి ఉంచితే అదీ కొంత తాగుతుంది, మొదట్లో, చివర్లో మాత్రమే ఆనించండి.

ఇప్పుడు జల్లెడ. 10 హెర్ట్జ్‌కి పియెజో వద్దు, అయస్కాంతం, కాయిల్ పెట్టండి. స్ప్రింగుకి 12.7 మి.మీ. వెడల్పు, 0.63 మి.మీ. మందం ఉన్న హ్యాక్సా బ్లేడు సరిపోతుంది, వంగే రకం మాత్రమే. పూర్తి గట్టి రకం ఫటుక్కున విరుగుతుంది. పళ్లు గ్రైండరుతో తీసేయాలి, ప్రతి పన్ను దగ్గరా పగులు మొదలవుతుంది కనుక. చివర 50 గ్రాములు ఉంటే క్లాంపు నుంచి సుమారు 93 మి.మీ. పొడవుకి 10 హెర్ట్జ్ వస్తుంది. ఆ 50 గ్రాములు అయస్కాంతాలు, వాటి వెనక ఉక్కు పలకలతోనే రావాలి. నాలుగు నియోడిమియం ముక్కలను రెండు జతలుగా, ధ్రువాలు ఎదురుబొదురుగా పెట్టి మధ్య సందులో కాయిల్‌ను కదలకుండా బిగించండి. అయస్కాంతం కదిలి కాయిల్ నిలబడితే సన్నతీగ తెగే బాధ ఉండదు. మోటారు రీవైండింగ్ షాపులో దొరికే 42 గేజీ తీగ, 1000 చుట్లు, చుట్టుకి సగటున 80 మి.మీ. అయితే కాయిల్ నిరోధం 175 ఓమ్‌లు. సందులో 0.3 టెస్లా, అందులో పడే తీగ చుట్టుకి 40 మి.మీ. అయితే, సెకనుకు మీటరు వేగానికి 12 వోల్టులు పుడతాయి.

లోడు నిరోధం కాయిల్ నిరోధానికి సమానంగా పెట్టాలని చాలామంది చెబుతారు. అది సరి కాదు. అనునాదంలో కాయిల్ కొసల నుంచి చూస్తే కనిపించేది రాగి నిరోధం ఒక్కటే కాదు, యాంత్రిక డ్యాంపింగ్ కూడా నిరోధంలాగే కనిపిస్తుంది. ఈ లెక్కన, క్యూ 50 అయితే, దాదాపు 2500 ఓమ్‌లు రావచ్చు. కానీ జల్లెడ మీద అదీ వాడలేం. ఆ లోడుతో బరువు 25 మి.మీ. ఊగాలని చూస్తుంది, మీ డబ్బాలో 10 మి.మీ.కి మించి చోటు ఉండదు. కాబట్టి ఇక్కడ లోడును ఎంచుకునేది స్ట్రోకును బట్టి. ఊపు సరిగ్గా 10 మి.మీ.లో ఆగేలా లోడు తగ్గించుకుంటూ రావాలి. పై కొలతలకు అది 400 ఓమ్‌ల దగ్గర తేలుతుంది, లోడులో 34 మిల్లీవాట్లు, 5 వోల్టుల పీకు.

బరువు రెట్టింపు చేస్తే? 100 గ్రాములతో లెక్క వేస్తే 38 మిల్లీవాట్లే వస్తుంది, వోల్టేజీ 3 దగ్గరికి పడిపోతుంది. ఊపును ఆపడానికి ఎక్కువ కరెంటు కావాలి, ఆ కరెంటు కాయిల్ రాగిలోనే కాలిపోతుంది. చోటు ఇరుకైనప్పుడు డబ్బు బరువు మీద పెట్టవద్దు, బలమైన అయస్కాంతం, ఇరుకు సందు మీద పెట్టండి. ఈ గట్టి డ్యాంపింగ్ వల్ల ఒక మంచి జరుగుతుంది. మొత్తం క్యూ 10కి దిగి బ్యాండు 1 హెర్ట్జ్ అవుతుంది, బెల్టు జారి వేగం కాస్త అటూ ఇటూ అయినా పవర్ ఒక్కసారిగా పడిపోదు.

ఇందులో ఎక్కువమంది చూసుకోనిది ఒకటుంది. స్టోరేజీ నిండగానే లోడు పోతుంది, లోడు పోతే డ్యాంపింగ్ పోతుంది, బరువు 50 మి.మీ. ఊగడానికి ప్రయత్నించి డబ్బా గోడలను బాదుతుంది. వారంలో బ్లేడు విరుగుతుంది. కాబట్టి కెపాసిటర్ నిండినప్పుడు లైను తెంచే సర్క్యూట్ పెట్టకూడదు. 5.1 వోల్టుల, 1 వాటు జీనర్‌ను అడ్డంగా పెట్టి మిగులు కరెంటును అందులో కాల్చేయాలి. రెండు వైపులా రబ్బరు స్టాపులు ఎలాగూ ఉండాలి. డబ్బా మూత సీలు చేయండి, లేదంటే తౌడు దుమ్ము, ధాన్యంతో వచ్చే ఇనుప రజను సందులో చేరి కాయిల్‌ను గీరేస్తాయి.

ఇక్కడి బ్రిడ్జికి 1ఎన్5819లు సరైనవే, కరెంటు మిల్లీయాంపుల్లో ఉంది కాబట్టి లీకేజీ లెక్కలోకి రాదు. స్టోరేజీకి బటన్ ఆకారంలో వచ్చే 5.5 వోల్టుల సూపర్ కెపాసిటర్ కొనకండి. దాని లోపలి నిరోధం పదుల ఓమ్‌లు ఉంటుంది, ఈఎస్‌పీ32 200 మిల్లీయాంప్‌లు లాగిన క్షణం వోల్టేజీ కూలి బోర్డు రీసెట్ అవుతూనే ఉంటుంది. 2.7 వోల్టుల 1 ఫారడ్ గొట్టం రకం రెండు సిరీస్‌లో పెట్టండి, ఒక్కోదానికీ అడ్డంగా 1 మెగాఓమ్ వేసి. 5 నుంచి 3.6 వోల్టులకు దిగేలోపు 3 జౌల్స్ ఇస్తాయి. 34లో 25 మిల్లీవాట్లు లోపలికి చేరినా 2 నిమిషాలకు ఒకసారి ఆ 3 జౌల్స్ నిండుతాయి. రౌటరుకు కనెక్ట్ అయి ఒక రీడింగు పంపడానికి అది చాలు. రౌటరు లేకుండా బోర్డు నుంచి బోర్డుకు నేరుగా పంపే ఈఎస్‌పీ-నౌ పద్ధతి వాడితే ఇంకా చాలా మిగులుతుంది.

మోటారు మీది సెన్సరుకు మాత్రం ఒక్క లెక్క వేసుకుని దిగండి. చివరికి దక్కేది 60 మైక్రోవాట్లు అనుకుంటే, 3.6 వోల్టుల, 2.4 యాంపియర్ అవర్ లిథియం థయోనైల్ క్లోరైడ్ ఏఏ సెల్‌లో 31 వేల జౌల్స్ ఉన్నాయి. సొంత డిశ్చార్జిని పక్కన పెడితే అదే 60 మైక్రోవాట్లను 16 ఏళ్లు ఇవ్వగలదు. చేతికి అందే చోట ఉన్న మోటారుకైతే నేను సెల్లే పెడతాను. అయితే ఆ సెల్ బాడీకి ఆనకుండా, వేడి తగలని టెర్మినల్ బాక్సు బయటివైపు బిగించండి.